మింగుడు మేస్త్రీ

జయనామ సంవత్సరం, వైశాఖ శుద్ధ త్రయోదశి, సోమవారం. ఇంగ్లీషు తేదీ ప్రకారం రెండువేల పద్నాలుగు, మే పన్నెండు. మిర్యాలగూడ మీద పొద్దుటి నుంచి మబ్బు కమ్ముకొని ఉన్నది గాని చినుకు రాలలేదు. ఆకు కదలలేదు. మూత పెట్టిన గిన్నెలో ఆవిరి తిరిగినట్లు వేడి అంతా మబ్బు కిందనే తిరుగుతున్నది. అటువంటి రోజున ఆ ఊరిలో మిల్లుల వాళ్ల ప్రాణాలు గుప్పిట్లో ఉంటాయి. యాసంగి ధాన్యం నింపుకొన్న లారీలు గేట్ల బయట, రోడ్డు వార, బారులు తీరి నిలిచి ఉంటాయి. ఒక్క జల్లు పడితే చాలు, గింజ రంగు మారుతుంది, మిల్లు యజమాని ముఖం రంగు కూడా మారుతుంది.

అందుచేత ఆ మధ్యాహ్నం హమాలీల ముఠా షెడ్డు నీడన అన్నాలకు కూర్చున్నప్పుడు, ముఠా మేస్త్రీ పర్వతాలు మామూలు కంటె తొందరపడ్డాడు. ఆయన మామూలే మహా తొందర. టిఫిన్ గిన్నె మూత తీయడం, కూర మొత్తం ఒక్కసారే కుమ్మరించి కలపడం, పిడికిలి పట్టేంత ముద్ద కట్టి నోట వేసుకోవడం, గుటుక్కుమనడం. ఆయన దవడ ఆడగా చూసినవారు ఆ ముఠాలో లేరు. మిల్లుల వీధిలో ఆయనను మింగుడు మేస్త్రీ అనేవారు. ఆ పేరుకు ఆయన నొచ్చుకోలేదు సరిగదా, మీసం దువ్వుకొనేవాడు.

ముఠాకు ఒక కట్టు ఉండేది. మేస్త్రీ తినడం ముగించి పంపు దగ్గర చేయి కడిగితే అందరూ కడగాలి. ఎవరి గిన్నెలో ఎంత మిగిలినా మూత బిగించి లేవాలి. బస్తాల పని జతల మీద నడిచే పని. లారీ మీద నిలబడి బస్తాను ఎత్తి, కింద మోసేవాడి వీపుకు అందించడానికి ఇద్దరు కావాలి. వారిలో ఒకడు కూర్చుంటే రెండోవాడి చేతులు కట్టేసినట్లే. కాబట్టి అందరూ ఒక్కసారే కూర్చోవాలి, ఒక్కసారే లేవాలి. ఈ కట్టు వల్లనే పర్వతాలు ముఠాకు జల్ది ముఠా అని పేరు వచ్చింది. ఆ పేరు వల్లనే ఏ మిల్లుకు లారీ వచ్చినా ముందు వాళ్లకే కబురు వచ్చేది.

ఆనాడు గిన్నెలో ఆదివారం మిగిలిన బోటి కూర ఉన్నది. ఎంత ఉడికినా పళ్ల కింద సాగే మాంసం అది. సామాన్యుడు ఒక ముక్కతో కాసేపు కుస్తీ పడతాడు. పర్వతాలు కుస్తీ పట్టలేదు. మూడో ముద్దో నాలుగో ముద్దో దిగుతూ దిగుతూ రొమ్ము నడుమ ఆగిపోయింది. నీళ్లు తాగాడు, నీళ్లు తిరిగి నోట్లోకి వచ్చాయి.

"అన్నా, సోడా తాగు, దిగుతది" అన్నాడు జానయ్య. అతను చిలక్కొయ్యలా సన్నని మనిషి, ముఠాలో మేస్త్రీ తర్వాతివాడు, వీపు చరచి సోడా అందించినవాడూ అతనే. గుడ్డి నమ్మకమే గాని, సోడాకు కూడా దిగని అన్నం ఉంటుందని వాళ్లకు తెలియదు. గ్యాసు కిందికి పోలేక, పైకి రాలేక, పర్వతాలు కళ్లు తేలవేశాడు. అయినా మనిషి లేచి పంపు దగ్గరికి నడిచి చేయి కడిగాడు. ముఠా లేచింది. ఆయన రెండు బస్తాలు మోసి, మూడోదాని దగ్గర లారీ చక్రానికి జారగిలబడ్డాడు. తన ఉమ్మి తాను మింగలేక, అది గడ్డం మీద కారుతుంటే తుండుగుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పుట్టుకతో పర్వతాలు అటువంటి తిండి మనిషి కాడు. సొంతూరు ఆత్మకూరులో ఆయన చిన్నతనం జొన్నరొట్టెల కాలం. జొన్నరొట్టెతో ఉన్న సుగుణమేమంటే అది మనిషిని తొందరపడనివ్వదు. అంచు పెటపెటలాడుతుంది, నడుమ సాగుతుంది; దవడలు నొప్పెడితే తప్ప గొంతులోకి దిగదు. నమలగా నమలగా చివరికి ఒక తీపి ఊరుతుంది. ఆ తీపి కోసమే పిల్లలు మాట్లాడకుండా నమిలేవారు. తర్వాత సాగర్ కాలువ నీళ్లు వచ్చాయి, సన్నబియ్యం వచ్చాయి. అన్నం మెత్తన, పులుసు పోస్తే మరీ మెత్తన. నోరు దానికొక వాకిలి మాత్రమే అయింది. కబళమనే మాటను నేటి పిల్లలు పాఠాల్లో తప్ప వినరు. నోరు నిండా పట్టి, కుడిదవడకూ ఎడమదవడకూ తిరగగల ముద్ద కబళం. ముద్దకు కొలత ఉన్నన్నాళ్లు ఆ మాట ఉన్నది.

పర్వతాలు మిర్యాలగూడ మిల్లుకు వచ్చిన కొత్తలో మేస్త్రీ సైదయ్య. అప్పటికి పర్వతాలుకు తల్లి నేర్పిన తిండే ఉన్నది. ఆయన ముద్ద నములుతుండగానే సైదయ్య చేయి కడిగేవాడు.

"ఏందిరో, బర్రె లెక్క నెమరేస్తున్నవ్? లారీ ఏమన్న నీ అత్తగారిదా?"

అందరూ నవ్వేవారు. పర్వతాలు సగం గిన్నెకు మూత పెట్టి, సాయంత్రం దాకా సగం కడుపుతో బస్తాలు మోసేవాడు. ఆకలితో ఒకనాడు కళ్లు బైర్లు కమ్మి బస్తాతో సహా బోర్లాపడ్డాడు. ఆ మరునాటి నుంచి మింగడం నేర్చుకున్నాడు. అది విద్యలాగే వచ్చింది. ముందు ముద్ద చిన్నది చేసి, పులుసు పలుచన చేసి, ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగి, తర్వాత నీళ్లు కూడా మానేసి. సైదయ్య కంటె ముందు తిని, ఆయన చేయి కడిగే దాకా కాళ్లు చాపుకొని కూర్చునే స్థితికి వచ్చాడు. సైదయ్య మోకాళ్లు పోయి ఇంటిపట్టున కూర్చున్నప్పుడు, ముఠా పర్వతాలునే మేస్త్రీని చేసింది.

సైదయ్య ఎంత నోటి దురుసువాడైనా ముసలివాళ్లకు కొంత దయ చూపేవాడు. పర్వతాలు ఆ దయను కూడా తీసివేశాడు. ఈదయ్య అనే పెద్దమనిషి, ఈయన ఊరివాడే, ఆత్మకూరు నుంచి ఈయనను ముఠాకు తెచ్చి చేర్పించినవాడే, పళ్లు ఊడి బోసినోటితో ముద్దను చిగుళ్ల మీద నలుపుకుంటూ ఆలస్యం చేసేవాడు.

"పండ్లు లేనోడు ఇంట్ల గంజి తాగాలె పెద్దనాయినా. ముఠాల నీకేం పని?" అన్నాడు పర్వతాలు ఒకనాడు, అందరి ముందూ.

ఈదయ్య గిన్నె తుండులో మూట కట్టుకొని గేటు దాటాడు. ముఠా నేల చూపులు చూసి, చేతులు కడుక్కొంది.

ఇక ఛాతీలో మంట సంగతి. మింగినదంతా కడుపులో రాయిలా కూర్చుండి, బస్తా కింద వంగినప్పుడల్లా పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. భార్య ఆండాలు ఇంట్లో డబ్బాల వరుస పెట్టింది. వేయించిన వామూ నల్లుప్పూ కలిపి దంచిన పొడి ఒకటి, శొంఠి ఒకటి, జీలకర్ర కాచి వడపోసిన నీళ్లు సీసాలో. అల్లం, కరివేపాకు నూరి కలిపిన పలుచని మజ్జిగ చెంబుతో ఇచ్చేది. ఇవన్నీ మేలైన వస్తువులే. మితంగా తిని, నమిలి తిన్నవాడికి ఇవి తోడుంటాయి. పర్వతాలు వాటిని నోరు చేయవలసిన పనిని కడుపు చేత చేయించే కూలీలుగా చూశాడు. పొడి ఉన్నది గదా అని ఇంకా తొందరగా మింగాడు. అది చాలకపోతే సోడా, సోడా చాలకపోతే జేబులో మంటకు వేసుకొనే మందు గోళీలు. పెద్దగా తేన్పు వస్తే అన్నం అరిగినట్లేనని ముఠా అందరి నమ్మకం. ఎవరి తేన్పు పెద్దదని పందేలు కూడా వేసుకొనేవారు.

ఆ సోమవారం సాయంత్రం ఆయనను ఆటోలో ఎక్కించి సూర్యాపేట తీసుకుపోయారు. అక్కడి దవాఖానలో గొట్టం వేసి చూసే డాక్టరు ఇరుక్కున్న ముక్కను తీసి, మరునాడు ఉదయం మంచం పక్కన కూర్చున్నాడు.

"ఛాతీలో మంట ఎన్నాళ్ల నుంచి?"

"మంట అందరికుంటది గద సారూ."

"అందరికీ ఉండదు."

పర్వతాలు నమ్మలేదు. ఆయన ఎరిగిన మనుషులందరికీ ఉన్నది.

ఏళ్ల తరబడి పైకి ఎగదన్నిన పులుపు అన్నం దిగే గొట్టాన్ని కాల్చి, ఆ మచ్చ బిగిసి దారి ఇరుకు చేసిందని డాక్టరు చెప్పాడు. ఇరుకును సాగదీశాననీ, అది మళ్లీ బిగుసుకోవచ్చుననీ, మందులు వాడుతూ ప్రతి ముద్దనూ జావలా అయ్యేదాకా నమలాలనీ చెప్పాడు. "మళ్లీ ఇరుక్కుంటే గొట్టం చిరిగినా చిరుగుతుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చే వ్యవధి కూడా ఉండదు."

"ఇట్ల నమిలితే ఎంతసేపు వడ్తది సారూ, ఒక పూటకు?" అని అడిగాడు పర్వతాలు. రోగం గురించి ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే.

వానకాలమంతా ఆత్మకూరులో ఉన్నాడు. ఆండాలు ఎదుట కూర్చుండి ఉసిరికాయంత ముద్ద కలిపి ఇచ్చేది.

"మింగకు. మింగకు అంటున్న. ఆగు. ఇంక జర."

"ఇంక నోట్ల ఏమున్నదే, నా నాలికె తప్ప?"

"నాలికెనే నమలు. పనికొచ్చే మాటలు రాలె దానికెల్లి ఇన్నేండ్లు."

నమలడం మరచిన దవడలు చెవుల దగ్గర లాగేవి. రెండు వారాలు దాటాక ఒకనాడు, ఉట్టి అన్నంలో చిన్ననాటి ఆ తీపి ఊరింది. ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆండాలు కారం ఎక్కువైందేమోనని గిన్నె వాసన చూసింది.

అప్పుడు ఆయనకు ఈదయ్య గుర్తొచ్చాడు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాడు. ఈదయ్య అరుగు మీద జావగిన్నె ఒడిలో పెట్టుకొని ఉన్నాడు.

"పెద్దనాయినా, తప్పయింది."

"ఏ తప్పు? నువ్వు చాన జేసినవ్."

"డాక్టర్ నన్ను మెల్లగ తినమన్నడు."

ఈదయ్య నవ్వాడు. బోసినోరు కావడంతో ఆ నవ్వుకు అడ్డూ ఆపూ లేకపోయింది. "నీకు చెప్తే డాక్టర్ చెప్పాలె. నేను చెప్పకపోతినా, నీ ముందట కూసోని మెల్లగ తినుకుంట? రోజూ చెప్పిన. నువ్వు చెయ్యి కడుక్కుంటివి." చెంచాతో జావ కలిపాడు. "పో. పోయి నీ ముఠాల తిను మెల్లగ. తిననిస్తే వచ్చి నాకు చెప్పు. అప్పుడు మాఫ్ జేస్త."

కార్తీకంలో కొత్త ధాన్యం మిల్లులకు వచ్చే వేళకు పర్వతాలు మిర్యాలగూడ చేరుకున్నాడు. ముఠా ఆయనను కౌగిలించుకొన్నది, టీ తాగించింది. ఇన్నాళ్లూ మేస్త్రీగా చూసుకున్న జానయ్య, "నీ కుర్సీ నీకే అన్నా, నేను ఉత్తగ కావలి కూసున్న" అన్నాడు. ఆ మాట నిజాయితీగానే అన్నాడు. మొదటి మధ్యాహ్నం అన్నాలకు కూర్చునేదాకా అది నిజమే.

అందరి గిన్నెలూ ఖాళీ అయ్యేసరికి పర్వతాలు గిన్నెలో పావువంతైనా తగ్గలేదు. మేస్త్రీ చేయి కడగలేదు గనుక ఎవరూ లేవలేదు. డ్రైవరు హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. ఎదురుగా నలుగురు కూర్చుండి ఒకడి దవడ వంక చూస్తుంటే ఆ దవడ ఎట్లా ఆడుతుంది?

"అన్నకు ఇసనకర్ర పట్టుండ్రిరా" అన్నాడొకడు. "పెండ్లికొడుకు బువ్వ తింటున్నడు."

"ఇగ లేవరాదు అన్నా" అన్నాడు జానయ్య.

"జరసేపు. ముద్ద మెత్తగ కాలె."

"నీ ముద్ద మెత్తగయ్యేదాక లారీ ఆగుతదా?" జానయ్య లేచి, పంపు దగ్గరికి పోయి, చేయి కడిగాడు. ఒకరి తర్వాత ఒకరుగా అందరూ కడుక్కొన్నారు. మేస్త్రీ మారడానికి ఆ ముఠాలో అంతకు మించిన తతంగం లేదు.

మరునాడు పని మొదలు కాకముందే పర్వతాలు అందరినీ కూర్చోబెట్టాడు. చేతులు కడిగే కట్టు తీసివేద్దామన్నాడు. ఎవరిది అయిపోతే వాళ్లు లేద్దాం, తినడానికి తగినంత సేపు యజమానిని అడుగుదామన్నాడు.

"అడిగితే ఇస్తడు" అన్నాడు జానయ్య. "ఇచ్చి, రెండో లారీకి పక్క ముఠాను పిలుస్తడు. మనది జల్ది ముఠా అన్నా. ఆ పేరు నువ్వు తెచ్చిందే."

"నా గొంతు మూసుకపోయిందిరా. రేపు మీకూ గిదే గతి."

"మాకు మంట లేదనుకుంటున్నవా?" జానయ్య జేబులోంచి గోళీల అట్ట తీసి చూపాడు. "ఇగో. ఎవ్వని జేబు జూసినా ఇదే ఉంటది. మేం మింగుతున్నం, పని జేస్తున్నం. నీకు కడుపు కరాబైందని మమ్ముల కూసోమంటే ఎట్ల?"

"చేతులెత్తుండ్రి. కట్టు తీసెయ్యాలన్నోళ్లు ఎత్తుండ్రి."

ఎవరూ ఎత్తలేదు. కొందరు తలలు గోక్కున్నారు. అప్పుడు జానయ్య, కోపం లేకుండానే, ఒక మాట అన్నాడు: "నువ్వు ఈదయ్యను లేపినప్పుడు మేమెవ్వరం చెయ్యెత్తలె గదనే. అప్పుడు మంచిగనే ఉండె నీకు."

ముఠాను విడిచి బతకడం పర్వతాలు ఊహలో లేదు. పేరు, జోడీ, వీపు మీద మచ్చలు, సాయంత్రాల ఎగతాళి మాటలు, అన్నీ అక్కడివే. అందుకని జానయ్య చేతి కింద మామూలు హమాలీగా నిలబడి, వారం తిరక్కుండానే మళ్లీ మింగడం మొదలుపెట్టాడు. మెత్తటి పెరుగన్నం తెచ్చుకొనేవాడు, అది దిగింది. ఒకనాడు ఎవరో అభిమానంతో తన గిన్నెలోని చేపముక్క ఈయన గిన్నెలో వేశారు. కాదనలేకపోయాడు. మళ్లీ ఆటో, మళ్లీ సూర్యాపేట, మళ్లీ గొట్టం. డాక్టరు ఈసారి మంచం పక్కన కూర్చోలేదు. ఆండాలును బయటికి పిలిచి మాట్లాడాడు.

ఆండాలు లోపలికి వచ్చి ఇట్లా అన్నది: "నీకు ముఠా కావాల్నా, నేను కావాల్నా అని అడుగుత లేను. నా కోసమైతె నువ్వు మర్లి కూడ సూడవు. ముఠా కావాల్నా, అన్నం కావాల్నా? అది చెప్పు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముఠా కావాలని అనలేదు గనుక అన్నమే అన్నాడని ఆమె అర్థం చేసుకొని, కోదాడ దగ్గర చిలుకూరులో ఉన్న అన్నకు ఫోను చేసింది. ఆ అన్న ఎరుకలో ఒక మామిడితోట ఉన్నది, కావలి మనిషి కావాలి. తోట యజమాని ఆంధ్రా యాస మనిషి, "ఏం చేయక్కర్లేదండీ, ఊరికే ఉంటే చాలు" అన్నాడట. ఊరికే ఉండడం! ఒకప్పుడు జిల్లా అంతటా చేతి వేగానికి పేరుపడ్డ హమాలీకి ఆ మాట ఎట్లా తగిలిందో ఆ యజమానికి తెలిసే వీలు లేదు. వెళ్లేముందు పర్వతాలు మిల్లుకు పోలేదు. ఆత్మకూరులో ఈదయ్య ఇంటికీ పోలేదు. పోతే, ముఠాలో మెల్లగా తిననిచ్చారని చెప్పాలి గదా.

చిలుకూరులో ఆరోగ్యం కుదుటపడింది. పెండ్లిళ్లకు మాత్రం పోవడం మానుకొన్నాడు. కోదాడ ఫంక్షన్ హాళ్లలో తినేవాడి కుర్చీ వెనుక తర్వాతి బంతి వాళ్లు నిలబడి, విస్తరి వైపు చూస్తుంటారు. ఆ చూపుల కింద ఆయన చేయి కడుక్కొని లేచి వచ్చేవాడు, ఆకలితో.

రెండువేల ఇరవై మూడు భాద్రపదంలో జానయ్య ఫోను చేశాడు. ముద్ద ఆగుతున్నదన్నాడు, ఏం మందు వాడినవో చెప్పమన్నాడు. పర్వతాలు తర్వాత చెప్తానని పెట్టేశాడు. ఫోనులోనే చెప్పరాదా అని ఆండాలు అంటే, "ఫోన్ల జెప్తే మధ్యల అందుకుంటడు" అని, కాగితం తెప్పించుకొని రాశాడు. ఆ ఉత్తరం ఇది:

"జానయ్యకు పర్వతాలు రాయునది. మేము ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వు క్షేమం కాదని తెలిసింది.

మందులు అడిగినవు. వాము, నల్లుప్పు దంచుకొని పెట్టుకో. జీలకర్ర నీళ్లు పొద్దున తాగు. అల్లం మజ్జిగ మంచిది. సోడా ముట్టకు. ఒంటి నొప్పులకు మింగే గోళీలు మానుకో, అవి మంట పెంచుతయ్. సూర్యాపేట డాక్టర్ పేరు నీకు ఎరుకే, నన్ను ఆడికి తోల్కపోయింది నువ్వే. ఈ వారమే పో, రేపు మాపు అనకు.

ఇవన్నీ వాడినా అన్నం నమలాలె. నమిలితే ముఠాల ఉండవు. ముఠాల ఉంటే నమలవు. ఈ రెండింటి నడుమ పెట్టేందుకు మందేమన్న ఉన్నదా అని నువ్వు అడుగుతున్నవు. అది నాకు తెలుసు, నేను గూడ గదే అడిగిన డాక్టర్ని. లేదు.

నేను మంచిగ అయిన. దాని గురించి సంబురపడేది ఏం లేదు. అన్నం తియ్యగుంటది, ఎవ్వనికి చెప్పుకోను? ఆండాలు ఇని ఇని యాష్టకొచ్చి చెవులు మూసుకుంటున్నది. మీరంతా కూసున్న షెడ్డు కాడ మింగిన పచ్చిపులుసు అన్నమే నాకు యాదికొస్తది. దాని రుచి నాకు తెల్వదు, నోట్ల ఉండనిస్తే గద.

నీ మీద కోపం ఉండె, ఇప్పుడు గూడ ఉన్నది, అబద్ధం రాయను. నీ తర్వాత ఎవడు చెయ్యి కడుగుతడో వాని మీద నీకు గూడ ఉంటది.

ముఠా ఇడిస్తే ఇక్కడికి రా. తోటల ఇంకొక మనిషి కావాలన్నరు. వస్తే పొద్దుగల రా, పగటి అన్నం ఏళకు రాకు. నేను తినేటప్పుడు ఎవరన్న నిలవడి చూస్తే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

ఇట్లు,
పర్వతాలు"